వేచియుండుట విశ్రాంతి యగునా?

చేసిన పనిని కొలుచుటకు లోకమున కొలతలు పెక్కులు కలవు. కుమ్మరికి కుండల లెక్క, నాట్లు వేసిన కూలికి ఎకరముల లెక్క, నావంటి బడిపంతులకు గంటల లెక్క. కాని పని యెప్పుడు వచ్చునో తెలియక, వచ్చిన మరుక్షణమే లేచిపోవుటకు నడుము కట్టుకొని కూర్చుండువాని కాలమును కొలుచుటకు మాత్రము సరియైన మానిక యింతవరకు మనకు దొరకలేదు. దొరకలేదనుటకంటె వెదకలేదనుట న్యాయము. అట్టివానిని జూచి "ఊరక కూర్చున్నాడు" అని యొక్కమాటతో కొట్టివేయుదుము. ఆ మాట నేనును అన్నవాడనే. అన్నందుకు సిగ్గుపడి, దానిని నలుగురియెదుట వెనుకకు దీసికొనుటకే యీ నాలుగు పుటలును వ్రాయుచున్నాను.

విజయవాడలో నాయొద్ద ఐదేండ్లు చదివిన శిష్యుడొకడు నేడు అమెరికాలో విమానము నడుపుచున్నాడు. కాపురము టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చెంత, కొలువు న్యూయార్కున. ఉద్యోగమైన కొత్తలో అతని తల్లి మా యింటికి వచ్చి, "మావాణ్ణి రిజర్వులో వేశారట మాస్టారూ. విమానం నడిపినా నడపకపోయినా జీతం ఇస్తారట. అది మంచిదేనంటారా?" అని యడిగెను. "కూర్చున్నందుకు జీతమిచ్చే కొలువు రాజుల కాలంలో కూడా లేదమ్మా! నీ కొడుకు పెట్టిపుట్టాడు" అని నవ్వి పంపితిని.

పోయిన వేసవిలో అతడు వచ్చి మా యింట రెండు రాత్రులుండెను. సెలవుమీద వచ్చినవాడు, సముద్రములు దాటి వచ్చినవాడు, అతనిని పిలువగల యధికారి యెవ్వడును ఈ ఖండమున లేడు. మొదటి రాత్రి మూడు గంటలవేళ నా టెలిఫోను మ్రోగెను. ఎవరో నంబరు తప్పి పిలిచినారు. నేను కన్నులు నులుముకొనుచు లేచి వచ్చునప్పటికి, ముందుగదిలో అతడు దీపము వేసి, చొక్కా తొడిగికొని, ఒక కాలికి బూటు వేసికొని కూర్చుండియుండెను. "ఎక్కడికి నాయనా, ఈ వేళప్పుడు?" అని నా భార్య యడుగగా అతడు కొంతసేపు దిక్కులు చూచి, "ఎక్కడికీ లేదమ్మగారూ, అలవాటు" అనెను. పిమ్మట తెల్లవారువరకు అతనికి నిద్ర పట్టలేదు. నాకును పట్టలేదు. ఊరక కూర్చుండి జీతము దీసికొనువాని నిద్ర యిట్లుండునా యని నాలో నేను తర్కించుకొంటిని. ఉదయమున అరుగుమీద కాఫీ త్రాగుచు అతడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి పాఠకులముందుంచుచున్నాను.

విమానసంస్థలలో పైలట్లు రెండు తెరగులవారు. ఏ దినమున ఏ విమానము నడుపవలయునో నెలకు ముందే యెరిగినవారు మొదటివారు. రెండవవారు రిజర్వువారు. ఒకనికి జ్వరము వచ్చినను, మంచు కురిసి రాకపోకలు తారుమారైనను, ఆ ఖాళీని నింపుటకు వీరిని నిలువయుంచుదురు. రిజర్వులో మరల తెగలు కలవు. ‘లాంగ్ కాల్’ అను పద్ధతిలో పిలుపునకును కొలువునకును నడుమ సామాన్యముగా పండ్రెండు గంటలో, అంతకంటె నెక్కువయో వ్యవధి యుండును గనుక తన యింటనుండియే వేచియుండవచ్చును. ‘షార్ట్ కాల్’ అను పద్ధతిలో ఆ వ్యవధి పెక్కుచోట్ల రెండు గంటలు మాత్రమే. ఫోను మ్రోగిన రెండు గంటలలో దుస్తులు ధరించి విమానాశ్రయమున నిలువవలయును. ఒక్క వరుసలో 14 గంటలవరకు ఇట్లు ఫోనుకు కట్టివేయవచ్చునని అమెరికా శాసనము. మూడవది విమానాశ్రయముననే కూర్చుండి వేచియుండుట. దీనిని మాత్రము శాసనము మొదటి నిమిషమునుండి పనిగా లెక్కించును. రెండవదానికిని మూడవదానికిని గల భేదమెల్ల కుర్చీ యెచ్చట నున్నదనుటయే.

మన ఆలంకారికులు అష్టవిధ నాయికలలో వాసకసజ్జిక యను నామెను చెప్పిరి. తన్నును ఇంటిని అలంకరించుకొని, నాయకుడు వచ్చునని వాకిలివైపు చూచుచుండునామె. ఇస్త్రీచొక్కాను గోడకు దగిలించి, పెట్టె సర్ది, ఫోనును దిండుప్రక్క బెట్టుకొన్న రిజర్వు పైలటు ఈ కాలపు వాసకసజ్జిక. భేదమొక్కటి కలదు. ఆమె రాకకై ఆశపడును. ఇతడు రాకున్న బాగుండునని ఆశపడుచునే సిద్ధముగా నుండును. అలంకరించుకొని కూర్చుండుట విశ్రమించుట యని మాత్రము ఏ ఆలంకారికుడును వ్రాయలేదు.

ఇంతమాత్రమే యైన ఓర్చుకొనవచ్చును. విమానాశ్రయమునకు గంటదూరమున ఇల్లున్నవాడు తన మంచముపై నొరగి, పిల్లవానికి లెక్కలు చెప్పుచు వేచియుండును. ఇల్లు 1,400 మైళ్ల దూరమున నున్నవాని గతి యేమి? డల్లాసునకును న్యూయార్కునకును సుమారుగా నంత దూరము. రెండు గంటలలో రావలసినవాడు అంతదూరమున నుండుట పొసగదు గనుక, పిలుపు వచ్చినను రాకున్నను, ముందుగనే పోయి ఆ యూర బడియుండవలయును. ఇల్లొకచోట, కొలువు మొదలగు ఊరు మరియొకచోట నుండి, నడుమ విమానములలో తిరుగుటను వారు కమ్యూటింగు అందురు. కొలువు మొదలగు ఊరు బేసు.

"ఆ యూరనే కాపురముండరాదా?" యని పాఠకులడుగుట సహజము. నేనును అడిగితిని. ఏ బేసు, ఏ విమానము, ఏ వరుస యనునవి యన్నియు అక్కడ సీనియారిటీ ననుసరించి పంచబడును. కొత్తవానికి పెద్దలు వదలినదే దక్కును. పెద్దలు వదలునది రిజర్వు. పెద్ద సంస్థలు పెక్కింటిలో పెద్దలు వదలు బేసు న్యూయార్కు. కావున కొత్తవాడు రిజర్వులోను ఉండును, ఇల్లు గొనలేని యూరిలోను ఉండును. పోనీ, అప్పుచేసి కాపురము మార్చినను ఆ బేసు స్థిరమా? పిట్సుబర్గులో నొక పెద్ద సంస్థ 2004లో తన కేంద్రమును చాలించెను. మెంఫిస్‌లో మరియొకటి 2013లో చాలించెను. ఆ యూళ్లలో ఇండ్లు గొని, పిల్లలను బడిలో వేసినవారు ఒక్క ఉత్తరువుతో కమ్యూటర్లైరి. నా శిష్యుని భార్యకు డల్లాసులో ఉద్యోగము, కొడుకునకు అచ్చట బడి. కంపెనీ తన బేసును కదల్చినప్పుడెల్ల సంసారమును కదల్చుట కది చదరంగపు బంటు కాదు.

ఇక ఆ ప్రయాణము. పైలట్లు ఖాళీగా మిగిలిన సీటులోనో, విమానచోదకుల వెనుకనుండు జంప్ సీటు అను మడత పీటపైనో రుసుము లేకుండ పోవచ్చును. ఉచితమని సంతోషింపవలదు, ఖాళీ యుండిననే. డబ్బిచ్చినవాడు చివరి నిమిషమున వచ్చిన లేచి దిగవలయును. "సోమవారం ఉదయం పదింటినుంచి నేను ఫోనుకు సిద్ధంగా ఉండాలి మాస్టారూ. ఆ పదింటికోసం ఆదివారం మధ్యాహ్నం విస్తరి ముందునుంచి లేస్తాను. మొదటి విమానం నిండిపోతుంది. రెండోదీ నిండిపోతుంది. మూడోదాంట్లో పీట దొరుకుతుంది. పిల్లవాడు ఫోన్ చేసి ‘నాన్నా, ఇంకా ఇక్కడే ఉన్నావా? అయితే ఇంటికి వచ్చి అన్నం తినొచ్చుగా’ అంటాడు" అని అతడు చెప్పెను. ఆ యాదివారము అతని సెలవుదినముల లెక్కలోనిది. కంపెనీ పుస్తకమున దానికి విశ్రాంతి యని పేరు.

న్యూయార్కు చేరినపిదప అతడు పోవునది హోటలునకు కాదు. క్వీన్సు భాగమున క్యూ గార్డెన్సు అను పేట కలదు. రెండు విమానాశ్రయములకును దగ్గర. విమానోద్యోగు లెందరో అచ్చట అద్దెకుండుటచే హాస్యముగా దానిని ‘క్రూ గార్డెన్సు’ అని పిలుతురు. అచ్చటి యిండ్లలో గదికి నాలుగును ఆరును అంతస్తు మంచములు వేసి, నెలకింతయని యద్దెకిత్తురు. వీనికి ‘క్రాష్ ప్యాడ్’ అని పేరు. అద్దె పైలటు చేతిదే. ఒకడు అర్ధరాత్రి వచ్చును, ఒకడు మూడు గంటలకు లేచి పోవును. ఒకని గడియారము మ్రోగిన నలుగురు మేల్కొందురు. మంచమునకొక తెర కలదు. ఆ తెరయే అతని గృహము.

ఇప్పుడొక్క దినమును లెక్కవేసి చూతము. నేను బడిపంతులను గనుక ఈ లెక్క నా చేతనగును. ఉదయము 10 గంటలనుండి రాత్రి 12 వరకు రిజర్వు. గదిలోని సందడికి 7 గంటలకే మెలకువ వచ్చెను. 10 గంటలకు ఫోను మ్రోగలేదు. మధ్యాహ్నము నిద్రింపవలయునా? రాత్రి పనికి పిలిచినచో నిద్రించుట మేలు. పిలువకున్నచో ఈ నిద్ర రాత్రినిద్రను చెరచును. ఏది జరుగునో చెప్పగలవాడు లేడు. సాయంకాలము 4 గంటలకు ఫోను మ్రోగెను. 6 గంటలకు విమానాశ్రయమున నుండెను. రిజర్వు మొదలైనది మొదలు 16 గంటలవరకు, అనగా రాత్రి 2 గంటలవరకు, శాసనము ప్రకారము అతనిచే పని చేయింపవచ్చును. రాత్రి రెండింటికి అతడు మేల్కొనియున్న కాలము 19 గంటలు. శాసనమున కిందులో నొక్క గంటయు దోషముగా గనబడదు.

1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దరు ‘నేచర్’ పత్రికలో నొక పరిశోధనను ప్రకటించిరి. 17 గంటలు మేల్కొనియున్నవాని చేతి నేర్పు, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని నేర్పునకు సమానముగా తగ్గినదని వారి పరీక్షలో తేలెను. అమెరికాలో 0.04 శాతము మద్యమున్న పైలటు విమానము ముట్టరాదు. ముట్టినచో అతని లైసెన్సునకే ముప్పు. మంచిదే. కాని సీసాతో వచ్చిన మత్తును పట్టుకొను శాసనము, టెలిఫోనుతో వచ్చిన మత్తును సలాముచేసి లోపలికి పంపుచున్నది!

ఇది ఊహాగానము కాదు. 2009 ఫిబ్రవరి 12వ తేది రాత్రి న్యూవార్కునుండి బఫెలోకు పోవుచుండిన కోల్గన్ ఎయిర్ విమానము, క్లారెన్స్ సెంటర్ అనుచోట నొక యింటిపై గూలెను. విమానములోని 49 మందియు, ఆ యింటిలోని యొకరును మరణించిరి. సహచోదకురాలు ముందటి రాత్రి పశ్చిమతీరమున సియాటిల్‌లో బయలుదేరి, మెంఫిస్‌లో విమానము మారి, రాత్రియంతయు ప్రయాణించి, ఉదయము ఆరున్నర ప్రాంతమున న్యూవార్కు చేరి, పగలు సిబ్బందిగదిలో గడపెను. విమానము లేచినది రాత్రి 9 దాటిన పిదప. వారు ఆనాడు రిజర్వులో నుండిరని నేననుట లేదు. నిష్పక్షపాతముగా మరియొకటియు చెప్పవలయును: విమానవేగము తగ్గినదన్న హెచ్చరికకు కెప్టెను తప్పుగా స్పందించుటయే ప్రధానకారణమని విచారణసంఘము 2010లో తేల్చెను. అలసటచే వారిద్దరి నేర్పు తగ్గియుండవచ్చును గాని, అది యెంతవరకు కారణమో నిశ్చయింపజాలమని వ్రాసెను. అలసటను కారణములలో జేర్చవలయునని ఆ సంఘాధ్యక్షురాలే వాదించెను.

ఆ విచారణలో బయటపడిన యంకెలు నాకు ఆ తీర్పుకంటె ముఖ్యముగా దోచినవి. న్యూవార్కు బేసుగా గల ఆ సంస్థ పైలట్లు 137 మంది. అందు 93 మంది కమ్యూటర్లు. 49 మంది 400 మైళ్లకు మించిన దూరమునుండియు, వారిలో 29 మంది వేయి మైళ్లకు మించిన దూరమునుండియు వచ్చువారు. నూటికి అరువదియెనిమిది మంది చేయుపనిని ఒక్కొక్కని సొంత వ్యవహారమనుట యెట్లు? బడిలో ఒక బాలుడు పాఠము రాక తప్పినచో బాలుని దోషము. మూడింట రెండువంతులు తప్పినచో పంతులను పిలిచి యడుగవలయును.

ఆ మృతుల బంధువులు పట్టుపట్టి పోరాడుటచే 2010లో నొక చట్టమును, 2014 జనవరి 4నుండి కొత్త విశ్రాంతినియమములును అమెరికాలో వచ్చినవి. కొలువునకు గాని రిజర్వునకు గాని ముందు 10 గంటల విశ్రాంతియు, అందులో 8 గంటల నిద్రకు అవకాశమును ఉండవలయునని విధించిరి. ఇవి చిన్న విషయములు కావు. వానిని సాధించిన ఆ కుటుంబములకు నమస్కరింపవలసినదే. కాని కమ్యూటింగు జోలికి మాత్రము పోలేదు. 2011లో అమెరికా జాతీయ పరిశోధనమండలి ఆ విషయమును విచారించి, నియమము చేయుటకు తగిన యాధారములు లేవనియు, పైలట్లే కొలువునకు ముందు కనీసము ఆరు గంటలు నిద్రించునట్లు ప్రయాణము నేర్పరచుకొనవలయుననియు హితవు చెప్పెను. కాగా ఆ 10 గంటల విశ్రాంతి మంచముపై గడచినదా, విమానాశ్రయపు బల్లపై గడచినదా యని యడుగువాడు లేడు.

ఈ పద్ధతిని సమర్థించువారి వాదములను ఒక్కొక్కటిగా బరిశీలింతము.

"అతడు కోరి తెచ్చుకొన్నదే కదా" యనుట మొదటిది. ఈ వాదము మనకు కొత్తది కాదు. సంఘసంస్కరణ చరిత్ర చదివినవారు దీనిని ప్రతి మలుపునను చూచియుందురు. బాలవితంతువు తానే మరల పెండ్లి వలదన్నదనిరి. పాలేరు తానే పత్రముపై వ్రేలిముద్ర వేసినాడనిరి. రెండు ద్వారములుగల గదిలో ఒకదానికి తాళము వేసి, రెండవదానిగుండ పోయినవానిని జూచి "తన యిష్టముచే పోయినాడు" అనుట తర్కము కాదు. కొత్తవానికి రిజర్వు తప్పదు, ఆ బేసు తప్పదు, ఆ బేసు నిలుచునన్న హామీ లేదు. ఈ మూడింటిని కంపెనీ నిర్ణయించి, నాలుగవదగు ప్రయాణమును మాత్రము అతని యిష్టమనుచున్నది.

"జీతమిచ్చుచున్నారు కదా" యనుట రెండవది. ఇటీవల అమెరికాలో పైలట్ల జీతములు బాగుగ బెరిగినవి. దాచవలసిన పని లేదు. కాని దేనికిచ్చుచున్నారు? రిజర్వువానికి సామాన్యముగా నెలకు 70, 75 గంటల యెగురుటకు సమానమైన సొమ్ము నిశ్చయముగా నిత్తురు. నెలలో 18 దినములు రోజునకు 14 గంటల చొప్పున కట్టుబడినవాని కట్టుబాటు 252 గంటలు. పైగా రానుబోను ప్రయాణములు, క్రాష్ ప్యాడ్ అద్దె. నా వివాదము సొమ్ము చాలదని కాదు. ఆ గంటలకు పని యని పేరు పెట్టరని. పేరు పెట్టనిదానికి హద్దు పెట్టజాలము. హద్దు లేనిచోట అలసట లెక్కకు రాదు.

"అలసినవాడు అలసితినని చెప్పవచ్చును కదా" యనుట మూడవది. నిజమే, చెప్పవలయునని శాసనమే యున్నది. ప్రతి ప్రయాణమునకు ముందు "నేను తగియున్నాను" అని పైలటు వ్రాసి యీయవలయును. కాని అలసినవాని బుద్ధియే అలసియుండగా, ఆ యలసటను తూచుటకు త్రాసెక్కడిది? నిద్రలేమిని బరిశోధించినవారు పెక్కురు చెప్పుమాట యిది: నిద్ర తక్కువైనకొలది మనిషి తన లోపమును తక్కువగా నెంచుకొనును. పైగా కొలువులో మొదటి సంవత్సరపు వాడు, అవతల నూరుమంది ప్రయాణికులు వేచియుండగా, "నాకు నిద్ర వచ్చుచున్నది" అని చెప్పుటకు ఎంత గుండెనిబ్బరము కావలయునో యోచింపుడు. ధర్మమునంతయు బలహీనుని నాలుకపై బెట్టి, బలవంతుడు చేతులు కడిగికొనుట నీతి కాదు.

వేచియుండుట పని యగునా యను ప్రశ్న న్యాయస్థానముల కెక్కనిది కాదు. 1944లోనే అమెరికా అత్యున్నత న్యాయస్థానము, కర్మాగారములలో అగ్నిప్రమాదములకై వేచియుండు కార్మికుల వ్యాజ్యములను విచారించి, వేచియుండు కాలము పనికాలమగుటకు న్యాయశాస్త్రమున నే యడ్డియు లేదని చెప్పెను. మనిషి సేవను కొనినట్లే సంసిద్ధతనును కొనవచ్చునని ఆ తీర్పుల సారము. 2018లో ఐరోపా న్యాయస్థానము, బెల్జియములోని నివెల్ పట్టణమున నొక అగ్నిమాపకోద్యోగి విషయమున, పిలిచిన 8 నిమిషములలో రావలసినవాడు తన యింట నుండినను పనిలో నున్నట్లే యని తీర్పు చెప్పెను. ఎనిమిది నిమిషములకును రెండు గంటలకును భేదము కలదందురు. ఇల్లు ప్రక్కవీధిలోనున్నవానికి కలదు. ఇల్లు 1,400 మైళ్ల దూరముననున్నవానికి ఆ రెండు గంటలు గొలుసే. కొంచెము పొడవైన గొలుసు.

ఇది పరదేశపు కథ, మనకేల యని యెవ్వరైన ననవచ్చును. 2025 డిసెంబరును మరచితిమా? మన దేశమున పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు బెంచియు, రాత్రివేళ దింపు విమానములకు మితి విధించియు కొత్త నియమములు ఆ యేడే అమలులోనికి వచ్చినవి. తగినంతమంది పైలట్లను సిద్ధముచేసికొనని పెద్ద సంస్థ యొకటి వేలకొలది విమానములను రద్దుచేసెను. శంషాబాదులోను ప్రయాణికులు రాత్రులు నేలపై గడపిరి. అప్పుడేమి జరిగెను? ఆ నియమములలో కొన్నింటిని ఆ సంస్థకు తాత్కాలికముగా సడలించిరి. మా వీధిలోని చదువుకొన్న పెద్దమనుష్యులే "ఈ విశ్రాంతి నియమములు దెచ్చి మన ప్రాణములు దీసిరి" అని వాపోయిరి. ప్రాణములు దీయకుండుటకే ఆ నియమములు వచ్చినవని చెప్పబోగా వినువారు లేకపోయిరి. కొరత వచ్చిన మొదటి దినముననే మనము కోసివేయుటకు సిద్ధమైనది ఎదుటివాని నిద్ర! పిండికి కొరత వచ్చినచో రొట్టె చిన్నదగును. నిద్రకు కొరత వచ్చినచో కన్ను చిన్నదగును. ఆ కంటితోనే అతడు మనలను దింపవలయును.

కావున చేయవలసినదేమి? అసాధ్యమైనదేదియు నేనడుగుట లేదు. షార్ట్ కాల్‌ను తగ్గించి లాంగ్ కాల్‌ను పెంచినచో పైలటు తన యింటనే వేచియుండును. బేసునకు వచ్చుటకు ఖాళీసీటు భిక్ష గాక నిశ్చితమైన సీటును, వచ్చినవానికి తెరచాటు మంచము గాక తలుపుగల గదియు నీయవలయును. కొన్ని సంస్థలలో ఒప్పందములద్వారా నిట్టి సదుపాయములు వచ్చియే యున్నవి గనుక ఇవి కలలు కావు. కట్టుబడిన ప్రతి గంటను పూర్తిగ గాకున్న, ఒక పాలుగనైన పనిగా లెక్కింపవలయును. మేల్కొన్న గంటలను లెక్కించు నియమము ఇంటినుండి బయలుదేరిన గడియనుండి లెక్కింపవలయును. ఇందుకు టికెట్టుపై కొంత ధర పెరిగినచో పెరుగనిండు. బండివాని యెద్దు డస్సినచో దింపి నీరు పెట్టించి, ఆ యాలస్యమును ఓర్చుకొన్నవారి మనుమలము మనము.

నన్ను దిద్దినది మాత్రము ఈ గ్రంథములును తీర్పులును కావు. శిష్యుడు తిరిగి పోయిన మరునాడు నేను అతని తల్లియొద్దకు పోయి, "అమ్మా, ఆనాడు నీ కొడుకు కొలువుగూర్చి తెలియక ఒక మాటంటిని. అది పెట్టిపుట్టిన కొలువు కాదు" అని చెప్పితిని. ఆమె పీట వేసి, మంచినీళ్లిచ్చి, ఇట్లనెను: "నాకు తెలుసు మాస్టారూ. వాళ్ల నాన్నగారు గూడ్సు డ్రైవరుగా చేశారు. ఏ రాత్రివేళనో లోకోషెడ్డునుంచి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. ఆయన నిద్ర చెడిపోకూడదని మొదటి చప్పుడుకే లేవాలని నేను మెలకువతో పడుకునేదాన్ని. ముప్పయ్యేళ్లు అట్లాగే పడుకున్నాను. ఆయన పోయి ఇన్నాళ్లయినా తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటాను. అందుకే ఆ రోజు మిమ్మల్ని అడిగాను. మీరు చదువుకున్నవారు, మంచిదన్నారు కదా అని ఊరుకున్నాను."

నేను తలవంచుకొని కూర్చుంటిని. ఆమె ముప్పదియేండ్ల మెలకువను ఏ రైల్వే పుస్తకమునను వ్రాయలేదు. వ్రాయవలయునని నాకును ఎన్నడును తోచలేదు. పాఠకులారా, మన యిండ్లలో పిలిచిన పలుకవలయునని వంటింటి గడపయొద్ద చాపపై నిద్రించు పనిపిల్ల కలదు. రాత్రి యెంత ప్రొద్దుపోయినను మగడు వచ్చువరకు అన్నము ముట్టక కూర్చుండు ఇల్లాలు కలదు. వారిని జూచి "పగలంతయు ఊరక కూర్చున్నారు" అని నేడుకూడ మనలో ననువారు కలరు. కంపెనీల లెక్కపుస్తకములను దిద్దుమని కోరుటకు మనకు హక్కు కలదు. కాని మన యింటి లెక్కలో ఈ రాత్రియే ఆ గంటలను వ్రాసికొనుటకు ఏ శాసనమును రానక్కరలేదు.